తువాలు కింద అంకె

పాతికేళ్ళు నిండీ నిండని షోరూము కుర్రాడొకడు మా బండి తలుపు మీద వేలి కణుపుతో టకటకా కొట్టి, చెవి ఒగ్గి విని, పెదవి విరిచాడు. ఏడు నెలలైంది. ఆ టకటక ఇంకా నా చెవిలోంచి పోలేదు.

కొట్టి చూడటం తప్పని నేననను. కుండ కొనేవాడు కొట్టి చూస్తాడు, కొబ్బరికాయ కొనేవాడు కొట్టి చూస్తాడు. మా నూజివీడులో వీణ చేసే చేతులకు పనస చెక్క ఎక్కడ పలుకుతుందో, ఎక్కడ మూగబోతుందో తెలుసు. వాళ్ళంతా కొనడానికి కొడతారు. ఈ కుర్రాడు రేటు తగ్గించడానికి కొట్టాడు. ఆ తేడా శబ్దంలోనే తెలిసిపోతుంది.

మామిడితోటల్లో పుట్టినవాడికి ఇలాంటివి చప్పున తగుల్తాయి. మా వైపు కాయని బొటనవేలితో నొక్కిచూసినవాణ్ణి మళ్ళీ బుట్ట దగ్గరికి రానివ్వరు. నొక్కినచోట మూడోనాటికి నల్లమచ్చ లేస్తుంది. వాడు కొనకుండా పోయినా వాడి వేలు కాయలో ఉండిపోతుంది. తెలిసినవాడు చూపుతోనే తూస్తాడు. బంగినపల్లికి తొడిమ దగ్గర గుంటపడి, రెండు భుజాలూ పైకి లేచాయంటే పక్వానికొచ్చినట్టు. అంతకన్నా ఏం కావాలి? మా బండికి కూడా చూసే కన్నుంటే అన్నీ కనపడేవే. కనపడనివి చెప్పడానికి మా డ్రైవర్ బాబాయ్ పక్కనే నిలబడి ఉన్నాడు. కుర్రాడు ఆయన్ని ఒక్క మాట అడగలేదు. ఫోను తీసి ముందునించి ఒకటి, వెనకనించి ఒకటి, టైర్లవి నాలుగు ఫొటోలు కొట్టి, ఫోనునే అడిగాడు. ఫోను చెప్పింది: లక్షా తొంభై.

అది 2010లో కొన్న టాటా 407. మా తమ్ముడు చాసిస్ కొని, విజయవాడ ఆటోనగర్‌లో పద్దెనిమిది రోజులు కూర్చుని తొట్టి కట్టించాడు. వెనక తలుపు మీద ఎర్రరంగులో పసుపు అంచుతో ‘బంగినపల్లి’ అని రాయించాడు. అందరూ దేవుడి పేరో, పిల్లల పేర్లో రాయించుకుంటారు కదా అంటే, ‘మనకి అన్నం పెట్టేది ఎవరైతే వాళ్ళ పేరే’ అన్నాడు. చిన్నరసాలు అలిగుంటాయి, అది వేరే సంగతి. నంబరు ఏపీ 16, అంటే కృష్ణాజిల్లా బండి. తరవాత 2022 ఏప్రిల్‌లో మమ్మల్ని ఏలూరు జిల్లాలో కలిపారు. మేం మారాంగానీ బండి మారలేదు. చివరిదాకా అది కృష్ణాజిల్లాలోనే ఉండిపోయింది.

బండి లేకపోతే మాకు గడవదు. దానికి ఒక చిత్రమైన కారణం ఉంది. నూజివీడు అని బోర్డు రాసి ఉన్న రైల్వేస్టేషను నూజివీడులో లేదు. హనుమాన్ జంక్షన్ దగ్గర బాపులపాడులో ఉంది. ఊరి పేరు రైలెక్కిందిగానీ ఊరు ఎక్కలేదు. తెలియక రైలు దిగిన కొత్త పెళ్ళికొడుకులు, ఇంటర్వ్యూకొచ్చిన మాస్టర్లు, ట్రిపుల్ ఐటీలో పిల్లల్ని దించడానికొచ్చిన తల్లిదండ్రులు ఆ ప్లాట్‌ఫాం మీద నిలబడి ‘ఊరేదండీ’ అని అడగడం మాకు అలవాటైన దృశ్యమే. అందుకని మా కాయ ఎప్పుడూ చక్రాల మీదే కదిలింది. మొదట గడ్డిపరిచిన ఎడ్లబండి, తరవాత లారీ, ఇప్పుడు ప్లాస్టిక్ ట్రేలు పేర్చిన వ్యాను. తెల్లారేసరికి నున్న మార్కెట్‌కి చేరాలి. ఎండెక్కాక చేరితే ధర ముఖమూ, కాయ ముఖమూ రెండూ వాడిపోయి ఉంటాయి.

ఇక్కడ ఒక మాట అనుకోవాలి. మా దగ్గర ఏ చిన్న లారీనైనా ‘డీసీఎం’ అంటారు. ఐషర్ వచ్చినా డీసీఎమ్మే, 407 వచ్చినా కొందరి నోట డీసీఎమ్మే. పెళ్ళికి డీసీఎం మాట్లాడాం అంటారు, ఇల్లు మారడానికి డీసీఎం కావాలంటారు. ఆ పేరుతో లారీలు చేసిన కంపెనీ ఏనాడో పోయింది. 1980ల నడుమ మన దేశంలో నాలుగు కంపెనీలు నాలుగు జపాన్ కంపెనీల చెయ్యి పట్టుకుని చిన్న లారీలు తెచ్చాయి. డీసీఎం-టొయోటా, ఐషర్-మిత్సుబిషి, స్వరాజ్-మజ్దా, మన జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్-నిస్సాన్. పెళ్ళి పత్రికల్లో వరుడి పేరూ వధువు పేరూ కలిపి అచ్చేసినట్టుండేవి ఆ పేర్లు. జపాన్ బళ్ళ ముందు దేశీ బండి నిలవదనుకున్నారంతా. 1986లో టాటా వాళ్ళు ఏ జపాన్ చెయ్యీ పట్టుకోకుండా 407 దించారు. చివరికి గెలిచింది అదే. ఓడిన డీసీఎంకి మాత్రం పేరు మిగిలింది. గెలిచినవాడికి సొమ్ము, ఓడినవాడికి పేరు; ఇలాంటి పంపకం నేను ఇంకెక్కడా చూళ్ళేదు.

అలాంటిదే ఇంకోటి. 2005లో టాటా ఏస్ వచ్చింది. రెండు సిలిండర్లు, 700 సీసీ ఇంజను, ధర రెండుంపావు లక్షల దగ్గర. ఉత్తరాదివాళ్ళు దాన్ని ఛోటా హాథీ అని ముద్దు చేశారు. మనవాళ్ళు ‘టాటా ఏసీ’ అన్నారు. పేపర్లో కూడా టాటా ఏసీ వాహనం బోల్తా అనే వేసేవారు. అందులో ఏసీ లేదు సరికదా, మే నెల మధ్యాహ్నం అందులో కూర్చుంటే ఆవకాయ జాడీలో కూర్చున్నట్టే ఉంటుంది. ఆ పేరు పెట్టినవాడిది వెటకారమా అమాయకత్వమా అని ఇరవై ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను. ఏసీ సంగతి మళ్ళీ వస్తుంది. ముందు బేరం సంగతి.

నాకు డ్రైవింగు రాదు. క్లచ్చుకీ బ్రేకుకీ తేడా కూడా నిద్రలేపి అడిగితే చెప్పలేను. అయినా పాత బండి ఇచ్చి కొత్తది కొనే బేరానికి నన్ను తీసుకెళ్ళారు. జుట్టు నెరిసింది, తెల్లచొక్కా వేస్తాను, భుజాన కండువా ఉంటుంది, ఎదుటివాడు మాట్లాడుతుంటే తల ఊపకుండా వినగలను. మా తమ్ముడి లెక్కలో ఇవి చాలు. ‘నువ్వేం మాట్లాడకన్నయ్యా, ఊరికే కూర్చో, వాళ్ళకి అనుమానం రావాలి’ అన్నాడు. భాద్రపదంలో మొదటిసారి వెళ్ళాం. షోరూము పేరెందుకు, హైవే పక్కన అద్దాలు పెట్టిన షోరూములన్నీ ఒకేలా ఉంటాయి. పాత బండికి రెండు నలభై దాకా రావచ్చు అన్నారు. ఈలోగా జీఎస్టీ తగ్గుతుందని కబురొచ్చింది. ఇటు చూస్తే మహాలయ పక్షాలు, మంచి పనికి ఎవరూ ముందుకు రారు. సరిగ్గా మహాలయ అమావాస్య వెళ్ళిన మర్నాడు, 2025 సెప్టెంబరు 22న, శరన్నవరాత్రుల మొదటిరోజు, లారీల మీద 28 శాతం పన్ను 18 అయింది. ఢిల్లీలో కూడా ఎవరో పంచాంగం చూసేవాళ్ళున్నారని మా అమ్మ తేల్చేసింది.

పన్ను తగ్గిందికదా అని ఉత్సాహంగా వెళ్తే, ఫోను లక్షా తొంభై అంది. అదేమిటయ్యా, నెల కిందట రెండు నలభై అన్నారుగా?

‘కొత్తదాని రేటే అంత దిగిపోతే పాతది దిగదా సార్?’

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. కాదనలేని మాట ఎవడైనా అంటే, అందులోనూ కుర్రాడంటే, ఎంత కోపం వస్తుందో మీకు తెలియంది కాదు.

‘పోనీ, కొత్తదాని మీద తగ్గింపు?’

‘అరవై వేలు సార్. మీ మొహం చూసి.’

మా తమ్ముడు లేచి వచ్చేశాడు. బేరంలో లేచి రావడం పెద్ద అస్త్రం. మెట్లు దిగేలోపు వెనక్కి పిలవాలి. మేం మెట్లు దిగాం, పార్కింగు దాటాం, రోడ్డెక్కాం. ఎవరూ పిలవలేదు. తరవాత తెలిసింది, వాళ్ళు ఇప్పుడు ఫోను చేసి పిలుస్తారట, సాయంత్రం ఆరు దాటాక. కాలం మారింది.

రెండు రోజులాగి ఫోనొచ్చింది. పాత బండికి రెండు ముప్పై ఇస్తామన్నారు. ఇంట్లో పండగే. నలభై వేలు ఎక్కించామని మా తమ్ముడు ఊళ్ళో ఇద్దరు ముగ్గురికి చెప్పేశాడు కూడా. ఆ రాత్రి నేను ఒక పెళ్ళిపత్రిక వెనక లెక్క వేసుకుంటుంటే సంగతి బయటపడింది. రెండు ముప్పైతో పాటు తగ్గింపు ఇరవై వేలు అయిపోయింది. మొదటిరోజు లక్షా తొంభై, అరవై. ఇప్పుడు రెండు ముప్పై, ఇరవై. ఎలా కూడినా రెండున్నర లక్షలే. కుడిజేబులోంచి తీసి ఎడమజేబులో పెట్టారు, మేం ఎడమజేబు తడుముకుని మురిసిపోయాం.

ఇదే నా బాధ. ఇదొక్కటే నా బాధ. బేరమంటే ఒక అంకె. వీళ్ళు దాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కకి ఒక్కో పేరు పెడతారు. ఎక్స్‌షోరూం ధర ఒకటి, ఆన్‌రోడ్డు ధర ఒకటి, ఎక్స్‌ఛేంజి బోనస్ ఒకటి, పండగ తగ్గింపు ఒకటి, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను, హ్యాండ్లింగు, యాక్సెసరీలు. ఒకచోట నొక్కితే ఇంకోచోట ఉబుకుతుంది. తడిపి పెట్టిన గోనెసంచి మీద కూర్చున్నట్టు, ఎటు కదిలినా కొంత తడుస్తుంది.

మా నాన్న ఎడ్లు అమ్మిన బేరం నాకు గుర్తుంది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. సంతలో చింతచెట్టు కింద ఆయనా, దళారీ ఎదురెదురుగా గొంతుక్కూర్చున్నారు. మాటల్లేవు. దళారీ తన భుజం మీది తువాలు తీసి ఇద్దరి కుడిచేతుల మీదా కప్పాడు. ఇక బేరమంతా దాని కింద. చుట్టూ ఇరవైమంది నిలబడి ఉన్నారు, ఎవరికీ ఏమీ తెలియదు. తువాలు మాత్రం కప్పలు దూకుతున్నట్టు అక్కడక్కడా లేచి పడుతోంది. మా నాన్న ముఖం చూశాను. పొలం గట్టు మీద కూర్చుని దూరంగా మబ్బుని చూసే ముఖమే. దళారీ ముఖంలోనూ ఏమీ లేదు. అప్పుడప్పుడు దళారీ ‘ఊఁ?’ అనేవాడు, మా నాన్న ‘ఉఁహుఁ’ అనేవాడు. ఆ రెండు అక్షరాలే మొత్తం సంభాషణ.

తరవాత నాన్నే చెప్పాడు. రెండువేలనేది ఇద్దరికీ ముందే తెలుసు, దానికి చెయ్యి అక్కర్లేదు. పైన ఎన్ని వందలన్నదే వేళ్ళు తేల్చాలి. ఎదుటివాడి ఒక వేలు పట్టుకుంటే వంద, రెండు పట్టుకుంటే రెండొందలు. ఒప్పుకుంటే చెయ్యి అలాగే ఉంచుతాడు, కాదంటే విదిలించుకుంటాడు. పక్కవాడికి తెలియకూడదు, ఎందుకంటే పక్కవాడు కూడా ఎడ్లు తెచ్చాడు. నీ ధర నీది, వాడి ధర వాడిది.

ఇవేవీ అప్పుడు నాకు తెలియవు. తువాలు కింద ఏముందో చూడాలని ప్రాణం కొట్టుకుపోతోంది. ఏదో జంతువుందనే అనుకున్నాను. పాక్కుంటూ వెళ్ళి తువాలు కిందికి చెయ్యి దూర్చాను. సరిగ్గా అదే క్షణాన దళారీ మా నాన్న వేళ్ళు మూడు పట్టుకున్నాడు. నా చిటికెనవేలు కూడా పట్టుకున్నాడు. ఒక్కసారి ఉలిక్కిపడి, ముఖం మార్చకూడదన్న నియమం మరిచిపోయి, ‘ఇదెవరిదయ్యా, గోరంత ఉంది?’ అన్నాడు.

మా నాన్న నవ్వలేదు. ‘అది కొసరు’ అన్నాడు.

చుట్టూ ఉన్న ఇరవైమంది గొల్లుమన్నారు. రెండువేల మూడువందలకి తెగింది బేరం. నా వేలికి ఇంకో యాభై కట్టి ఇచ్చాడు దళారీ. ఇంటికి వస్తుంటే నాన్న ఎడ్లు లేని పలుపుతాళ్ళు భుజాన వేసుకుని నడుస్తున్నాడు. నేను ఆ చిటికెనవేలు విడిగా పట్టుకుని నడుస్తున్నాను, అది పడిపోతుందేమోనని.

తువాలు కింద అన్యాయం జరగదని నేననడంలేదు. చీకట్లో దొంగకీ దొరకీ సమానంగా వీలుంటుంది. మా కాయలు తూచేటప్పుడు టన్నుకి ఇన్ని కిలోలని ‘సూటు’ కోసుకునే పద్ధతి పట్టపగలు, కాటా ముందే నడిచింది, దానికి తువాలు కూడా అక్కర్లేకపోయింది. అయినా చెప్తున్నాను. తువాలు కింద ఉన్నది ఒకటే అంకె. పట్టుకున్న వేలికి రెండు పేర్లుండవు.

అందుకని మూడోసారి వెళ్ళినప్పుడు నేను నోరు విప్పాను. తమ్ముడు కాలు తొక్కుతున్నా వినలేదు. ‘చూడు నాయనా, మా బండి మీరు తీసుకుని, మీ బండి నంబరుప్లేటుతో సహా మా గుమ్మంలో పెట్టడానికి మేం మొత్తం ఎంత కట్టాలి? ఒక్క అంకె చెప్పు. మిగతావి నువ్వూ నీ కంప్యూటరూ తరవాత పంచుకోండి’ అన్నాను.

కుర్రాడు నావైపు జాలిగా చూశాడు. ‘సిస్టమ్ అలా తీసుకోదు సార్’ అన్నాడు.

అప్పు సంగతీ ఇంతే. ఫైనాన్సు మనిషి వచ్చి ఏడు శాతమే వడ్డీ అన్నాడు. ఏడంటే ఎంత ముద్దుగా ఉంది! కానీ అది ఫ్లాటు. మొదట తీసుకున్న మొత్తం మీద అయిదేళ్ళూ వడ్డీ లెక్కగట్టి, దాన్నీ అసలునీ కలిపి అరవై కిస్తీలు చేస్తాడు. ప్రతి నెలా అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొదటిరోజు అప్పు మీదే నడుస్తుంది. తీరుతున్న అసలు మీద వేసి చూస్తే ఆ ఏడు కాస్తా పన్నెండున్నర దాటుతుంది. దీన్ని ఊళ్ళో భాషలో చెప్పాలంటే, నూటికి నెలకి రూపాయి మీద నాలుగు పైసలు. మా ఊళ్ళో వడ్డీ వ్యాపారిని మనం ఎన్ని తిట్టుకున్నా, ‘రూపాయిన్నర వడ్డీ’ అన్నాడంటే అది రూపాయిన్నరే. అరుగు మీద కూర్చుని ఒక్క అంకె చెప్తాడు. ఏడు శాతమని చెప్పి పన్నెండు పుచ్చుకోవడం అతని తాతకి కూడా తట్టలేదు. చివరికి బ్యాంకులో తీసుకున్నాం. అది కూడా ఒక కథే, కానీ బ్యాంకు కథలు అందరికీ ఉన్నవే.

మేం చూసినవాటిలో ఒక బండికి డీజిలుతో పాటు యూరియా నీళ్ళు పొయ్యాలన్నారు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ సిక్స్ ఇంజన్లలో చాలావాటికి ఇది ఉందట, పొగలో విషం విరగడానికి. నూటికి ముప్పైరెండున్నర పాళ్ళు యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీరు. మా తమ్ముడు ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే మా అమ్మ చేస్తున్న పని ఆపి, ‘చేలోకి కట్ట కావాలంటే క్యూలో చెప్పులు పెట్టి నిలబడుతున్నారు, దాన్ని బండికి తాగిస్తారా?’ అంది. ఆ బండి ఆ రాత్రే లిస్టులోంచి పోయింది. కంపెనీవాళ్ళు ఎన్ని పరీక్షలు చేస్తారో నాకు తెలియదుగానీ మా అమ్మ పరీక్ష పెట్టి ఉండరు.

మిగిలిన రెండింట్లో పేచీ ఏసీ దగ్గర వచ్చింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే, మూడున్నర టన్నులు దాటిన లారీలన్నింటికీ డ్రైవర్ క్యాబిన్‌లో ఏసీ ఉండి తీరాలని కేంద్రం నియమం పెట్టింది. కుర్రాడు గొంతు తగ్గించి, ‘సార్, అంతకుముందు తయారైంది ఒకటుంది. ఏసీ లేదు. ఇంకో పాతిక తగ్గిస్తాను. ఏసీ ఎందుకు సార్, డీజిలు తాగుతుంది, డ్రైవర్లు నిద్రపోతారు’ అన్నాడు. మా తమ్ముడు నావైపు చూశాడు. నేను తమ్ముడివైపు చూశాను. పాతిక వేలంటే పాతిక వేలు. అప్పుడు యథాలాపంగా నా చూపు అద్దం అవతలికి పోయింది. బాబాయ్ ఎండలో పాత బండి పక్కన నిలబడి, ఆ కుర్రాడు తెరిచి వదిలేసిన డాష్‌బోర్డు అర మూస్తున్నాడు.

పదిహేనేళ్ళు ఇంజను పక్కన కూర్చుని నడిపిన మనిషి. ఎండాకాలం ఆయన ఎడమకాలు పిక్క మీద చర్మం ఎర్రగా కమిలి ఉండేది. అది ఇంజను వేడి అని నాకు ఎప్పుడూ తోచలేదు, ఎండదెబ్బనుకున్నాను. లోపలికి పిలిచాం. ‘ఏసీది తీసుకుందామా, లేనిదా బాబాయ్?’ అని తమ్ముడు అడిగాడు. ఆయన జీవితంలో ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదేమో, కాసేపు నేల చూసి, ‘కాయకి మంచిదేమో బాబూ’ అన్నాడు. కాయ వెనక తొట్టిలో ఉంటుంది, ఏసీ ముందు క్యాబిన్‌లో ఉంటుంది. ఆ సంగతి మాకందరికీ తెలుసు, ఆయనకి ఇంకా బాగా తెలుసు. ఎవరం ఏమీ అనలేదు. ఏసీదే తీసుకున్నాం.

బేరం తెగిన తీరు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మేనేజరు అద్దాలగదిలో కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. పాత బండికీ తగ్గింపుకీ కలిపి రెండు యాభై అయిదు అన్నాడు. మేం రెండు ఎనభై దగ్గరున్నాం. అటూ ఇటూ అరగంట. నాకు విసుగొచ్చింది. ఏ దేవత ఆవహించిందో, భుజం మీది కండువా తీసి, కుడిచేతి మీద కప్పుకుని, ఆ చెయ్యి మేనేజరు ముందుకు చాపాను. మూడు వేళ్ళు విడిగా పెట్టాను కూడా. రెండు డెబ్భైకి దిగుతానని నా ఉద్దేశం.

మేనేజరు ఒక్క క్షణం చూశాడు. మంచి కుటుంబంలో పుట్టినవాడిలా ఉన్నాడు, లేచి నిలబడి, కండువాతో సహా నా చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని ఊపేస్తూ, ‘కంగ్రాచ్యులేషన్స్ సార్!’ అన్నాడు. బయట ఎవరో చప్పట్లు కొట్టారు. రెండు యాభై అయిదుకి బేరం ఖాయమైపోయింది. నాన్న చూసి ఉంటే ఏమనేవాడో గానీ, తమ్ముడు మాత్రం ఇంటికొచ్చేదాకా ఏమీ అనలేదు.

ధనత్రయోదశినాడు బండి ఇచ్చారు. కొసరు కింద సీటు కవర్లు, మడ్‌ఫ్లాపులు, ఒక మిఠాయి డబ్బా, అట్టతో చేసిన మూరెడు తాళంచెవి. ఆ అట్టచెవి మాకిచ్చి ఫొటో తీసి, మళ్ళీ పుచ్చుకున్నారు, తరవాతివాళ్ళకి కావాలట. కొసరుని వెనక్కి తీసుకోవడం చూడటం అదే మొదలు. హనుమాన్ జంక్షన్ ఆంజనేయస్వామి దగ్గర పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ దిష్టి తీయించి ఇంటికి తెచ్చాం. పాత బండి షోరూము వెనక గోడవారన నిలబడింది. బాబాయ్ దాని తాళంచెవికున్న చిన్న వెంకటేశ్వరస్వామి బిళ్ళ తీసుకుని, చెవి ఇచ్చేశాడు.

ఆ సందడిలో ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టించుకున్నారు. కొనేవాడి పేరు దగ్గర ఖాళీ. ‘పార్టీ దొరకగానే నింపుకుంటాం సార్’ అన్నారు. నలభై ఏళ్ళు పిల్లలకి ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకూడదని చెప్పిన మాస్టారిని, నాలుగు పెట్టాను. బండి నా పేరునే ఉంది మరి. అమ్మిన పద్నాలుగు రోజుల్లో రవాణాశాఖకి చెప్పాలి. చెప్పకపోతే, పేరు మారేదాకా చట్టం దృష్టిలో ఓనరు పుస్తకంలో పేరున్నవాడే. 2018లో సుప్రీంకోర్టు కూడా ఒక ప్రమాదం కేసులో అదే తేల్చింది: చేతులు ఎన్ని మారినా, పేరున్నవాడే పరిహారం కట్టాలి. ఇదంతా తరవాత చదువుకున్నాను. చదువెప్పుడూ నాకు తరవాతే వచ్చింది.

డిసెంబరులో ఒక రాత్రి ఫోను మోగింది. చలానా. సత్తుపల్లి దగ్గర అతివేగం. నంబరు ఏపీ 16, మాదే. కోపంతో ఊగిపోయి పొద్దున్నే బాబాయ్‌కి చూపించాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ‘అతివేగమా! మన దగ్గర అరవై దాటలేదు బాబూ. ఇంజనాయిలు మార్చినట్టున్నారు’ అన్నాడు.

షోరూముకి ఫోను చేస్తే ట్రాన్స్‌ఫర్ ప్రాసెస్‌లో ఉంది సార్ అన్నారు. జనవరిలో ఖమ్మం, రాంగ్ పార్కింగు. ఫిబ్రవరిలో సూర్యాపేట. ప్రాసెస్‌లోనే ఉంది సార్. మా తమ్ముడు లాయరు దగ్గరికి వెళ్దామంటాడు, నోటీసు పంపుదామంటాడు. వెళ్ళాలి, నిజమే. రేపు ఏ ఇసుకలోనో, ఏ గుద్దుడులోనో దొరికితే నేనే బోనులో నిలబడాలి. కానీ వెళ్దాం వెళ్దామంటూనే, చలానా వచ్చినప్పుడల్లా నేనూ బాబాయ్ మ్యాపు తీసి చూసుకుంటున్నాం. పదిహేనేళ్ళు నున్నా, నూజివీడూ, ఆగిరిపల్లి, మైలవరం తప్ప ఎరగని బండి. ఇప్పుడు దానికి ఊళ్ళు తిరిగే యోగం పట్టింది.

మొన్న మే నెల మొదటివారంలో వచ్చినదానికి ఫొటో కూడా ఉంది. కాయ కోతలు జోరుగా ఉన్నాయి, బాబాయ్ లోడు దింపి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు, ఏసీ చలికి చెవులకి చుట్టుకున్న తువాలు ఇంకా విప్పలేదు. ఫొటో పెద్దది చేసి చూపించాను. వెనకనుంచి తీశారు. తొట్టి నిండా, తొట్టి దాటి, వరిగడ్డి. మా తమ్ముడు రాయించిన అక్షరాల్లో ‘బంగి’ మాత్రం కనపడుతోంది, తక్కినవాటి మీద గడ్డి వేలాడుతోంది. ఎంత జరిమానా, ఎక్కడ, ఎందుకు అని నేను కింద రాసింది చదువుతున్నాను. బాబాయ్ అవేవీ వినడం లేదు. అద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఫోనుని కళ్ళకి దగ్గరగా తెచ్చుకున్నాడు.

‘వెనక ఎడమ టైరు లోపలిదానికి గాలి లేదు బాబూ. చూసుకోవట్లేదు వాళ్ళు’ అన్నాడు. కాసేపాగి, ‘ఎవరికైనా చెప్తే బాగుండు’ అన్నాడు.